ట్యాక్సీ యాప్‌లో బుక్ చేయడం నుంచి బిల్లు చేతికొచ్చేదాకా: నెల్లూరు వాసుల కోసం

గత ఏడాది వేసవిలో అమ్మ కంటి పరీక్ష కోసం చెన్నై వెళ్లాల్సి వచ్చింది. తెలిసినవాళ్ల ద్వారా ఒక కారు మాట్లాడుకున్నాం. తెల్ల నంబరు ప్లేటు ఉన్న సొంత కారు. ట్యాక్సీ కంటే వెయ్యి రూపాయలు తక్కువ పడుతుందని సంతోషించాం. తడ దాటి తమిళనాడులో అడుగుపెట్టిన కాసేపటికే తనిఖీలో ఆపారు. డ్రైవరు వెనక్కి తిరిగి, "అమ్మా, మీరు మా మేనత్త అని చెప్పండి చాలు" అన్నాడు. డెబ్బై ఏళ్ల అమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ నా వైపు చూసింది. ఆమెకు అబద్ధం చెప్పడం రాదు. అడిగినవాళ్లకు ఉన్నమాటే చెప్పింది. తొమ్మిదిన్నరకు ఆసుపత్రిలో ఉండాల్సినవాళ్లం పన్నెండు దాటాక చేరాం. ఆ రోజు డాక్టరు చూడలేదు.

అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరు అద్దె కారు ఎక్కినా పసుపు ప్లేటు బండే, అదీ యాప్‌లో బుక్ చేసిందే. ఈ ఏడాదిలో అమ్మానాన్నలకు, మామయ్యకు, ఇద్దరు పక్కింటివాళ్లకు పక్కన కూర్చుని నేర్పించాను. వాళ్లు ఎక్కడెక్కడ తడబడ్డారో చూశాను కాబట్టి ఆ చోట్ల కాస్త ఎక్కువసేపు ఆగి చెబుతాను.

యాప్ కంటే ముందు ప్లేటు

పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు ఉంటే అది అద్దెకు తిప్పడానికి అనుమతి పొందిన బండి. ఎలక్ట్రిక్ ట్యాక్సీ అయితే ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. తెల్ల ప్లేటు సొంత వాడకానికి. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే అది మనమే నడుపుకోవడానికి అద్దెకిచ్చే కారు. దానితో డ్రైవరు వచ్చాడంటే ఎక్కడో తేడా ఉన్నట్టే.

నంబరును బట్టి బండి ఏ జిల్లాదో చెప్పే రోజులు పోయాయి. పాత బండ్లయితే ఏపీ 26 అంటే నెల్లూరు, ఏపీ 27 అంటే ప్రకాశం. 2019 నుంచి రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 సిరీస్ వచ్చింది. "ఇది మన ఊరి నంబరు కాదే" అని మామయ్య ఒకసారి మంచి బండిని వెనక్కి పంపేశాడు. చూడాల్సింది ప్లేటు రంగు.

తెల్ల ప్లేటు బండి ఎక్కితే ఏమవుతుందని అడిగేవాళ్లు చాలామంది. దారిలో ఆపడం, జరిమానా, ఆలస్యం ఇవన్నీ చిన్న నష్టాలే. సొంత వాడకానికి బీమా చేసిన కారును పర్మిట్ లేకుండా అద్దెకు తిప్పుతుండగా ప్రమాదం జరిగితే, పరిహారం బాధ్యత నుంచి తప్పించుకునేందుకు వాదించే అవకాశం బీమా సంస్థకు మోటారు వాహనాల చట్టమే ఇస్తోంది. అప్పుడు బాధితుల కుటుంబం కోర్టుల చుట్టూ తిరగాలి. మిగిలే వెయ్యి రూపాయల కోసం ఇంటిల్లిపాదినీ ఆ స్థితిలోకి నెట్టకండి.

సరిహద్దు దాటేటప్పుడు ఇంకో విషయం. నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. వైద్యానికీ, విమానానికీ, పెళ్లి పట్టుచీరలకూ మనకు అదే దారి. పక్క రాష్ట్రంలోకి వెళ్లే ట్యాక్సీకి అఖిల భారత పర్యాటక పర్మిట్ అయినా ఉండాలి, లేదా ఆ ప్రయాణం కోసం తాత్కాలిక పర్మిట్ తీసుకుని అక్కడి పన్ను కట్టాలి. ఊళ్లో తిరిగే ప్రతి పసుపు ప్లేటు బండికీ అది ఉంటుందని అనుకోవద్దు. బయల్దేరే ముందు రోజే డ్రైవరును అడగండి.

ఫోనులో సిద్ధం చేసుకోవలసినవి

ఈ పని ప్రయాణం రోజు ఉదయం హడావిడిలో పెట్టుకోవద్దు. ముందు రోజు సాయంత్రం, ఇంట్లో వైఫై ఉన్నప్పుడు నింపాదిగా చేసుకోండి.

ఓలా, ఉబర్, రాపిడో పేర్లు అందరికీ తెలుసు. ఊరి బయటి ప్రయాణాలకు కార్లు ఇచ్చే యాప్‌లు వేరే ఉన్నాయి. ఏ యాప్ ఏ ఊళ్లో ఎప్పుడు నడుస్తుందన్నది మారుతూ ఉంటుంది కాబట్టి, మీ ఇంటి లొకేషన్ పెట్టి చూడటమే పరీక్ష. బండ్లు కనిపిస్తే ఉన్నట్టు. వాటిలో రెండు పెట్టుకోండి. వాన కురిసిన రాత్రి ఒకదాంట్లో దొరకనిది ఇంకోదాంట్లో దొరుకుతుంది.

యాప్‌ను ప్లే స్టోర్ లేదా యాప్ స్టోర్ నుంచి మాత్రమే దించుకోండి. వాట్సాప్‌లో "సగం ధరకే ట్యాక్సీ" అంటూ వచ్చే ఫైళ్లను, లింకులను ముట్టుకోవద్దు. అలాంటి ఫైలు ఒకసారి ఫోనులోకి దిగిందంటే మీకు వచ్చే మెసేజీలు, వాటిలోని బ్యాంకు ఓటీపీలు ఇతరుల చేతికి వెళ్లిపోవచ్చు. యాప్ లొకేషన్ అనుమతి అడిగినప్పుడు "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అన్నది నొక్కండి. ట్యాక్సీ పిలవడానికి అది సరిపోతుంది.

దానితో పాటు ఎం పరివాహన్ అనే ప్రభుత్వ యాప్ కూడా పెట్టుకోండి. అందులో బండి నంబరు కొడితే ఫిట్‌నెస్, బీమా, కాలుష్య ధ్రువపత్రాల గడువులు కనిపిస్తాయి. వాహనం ఏ తరగతికి చెందిందో కూడా ఉంటుంది. ట్యాక్సీ అయితే "మోటార్ క్యాబ్" అని ఉంటుంది. డ్రైవరు కాక ఆరుగురి వరకూ ఎక్కే బండి అది. ఏడుగురి నుంచి పన్నెండుగురి వరకూ అయితే "మ్యాక్సీ క్యాబ్". "మోటార్ కార్" అని వచ్చిందంటే అది సొంత బండి, పైన పసుపు స్టిక్కరు అతికించి ఉన్నా సరే.

చెల్లింపు కోసం మీ యూపీఐని ట్యాక్సీ యాప్‌తో ముందే కలిపి పెట్టుకోవచ్చు. నగదు అని కూడా ఎంచుకోవచ్చు. పెద్దవాళ్లకు నేను నగదే పెట్టి ఇచ్చాను. దిగేచోట కళ్లజోడు వెతుక్కుంటూ పిన్ కొట్టే ఇబ్బంది తప్పుతుంది. నగదు అయితే వందలు, యాభైలు చిల్లరగా దగ్గర ఉంచుకోవాలి. "చిల్లర లేదు" అన్న మాట దగ్గరే ఎక్కువ గొడవలు మొదలవుతాయి.

బండి ఎక్కే చోటు సరిగ్గా పెట్టడం

నెల్లూరులో అందరూ తడబడేది ఇక్కడే. రైలు పట్టాలు ఊరిని రెండుగా చీల్చి వెళ్తాయి. పట్టాలకు ఇవతల ఉన్నవాళ్లు మ్యాప్‌లో అవతల గుర్తు పెడితే, కారు మీకు కూతవేటు దూరంలో ఆగి ఉన్నా రావాలంటే అండర్ బ్రిడ్జి చుట్టూ తిరిగి రావాలి. గట్టి వాన పడితే మాగుంట లేఔట్ దగ్గరా, ఆత్మకూరు బస్టాండు దగ్గరా అండర్ బ్రిడ్జిల్లో నీళ్లు నిలుస్తాయి. అప్పుడు ఆ పది నిమిషాలు అరగంట అవుతుంది. యాప్ "4 నిమిషాల్లో వస్తుంది" అంటూనే ఉంటుంది. వంతెన కింద మోకాలి లోతు నీళ్లున్నాయని దానికి తెలియదు.

అందుకే యాప్ తనంతట తాను చూపించిన నీలం చుక్కను నమ్మి ముందుకు నొక్కేయకండి. రెండు వేళ్లతో మ్యాప్‌ను పెద్దది చేసి చూడండి. గుర్తు మీ వీధిలోనే ఉందా, వెనక వీధిలో ఉందా? ఇరుకు సందుల్లో ఇళ్లున్నవాళ్లు, ముఖ్యంగా మూలాపేట, సంతపేట, రంగనాయకులపేట వైపు వాళ్లు, ఇంటి గుమ్మం మీద గుర్తు పెట్టకుండా కారు తిరగగలిగే పెద్ద వీధి మొదట్లో పెట్టండి. నాలుగు అడుగులు నడిచినా నయమే. రంగనాథస్వామి గుడికి వచ్చిన బంధువులకు కూడా నేను ఇదే చెబుతాను.

రైల్వే స్టేషనులో దిగినప్పుడు మీరు తూర్పు వైపు బయటికి వస్తున్నారా, పడమర వైపా అన్నది తేల్చుకున్నాకే బుక్ చేయండి. రైలు ఇంకా ప్లాట్‌ఫారం మీదికి రాకముందే బుక్ చేస్తే డ్రైవరు వచ్చి ఎదురుచూస్తాడు, నిరీక్షణ రుసుము మన బిల్లులో పడుతుంది. సామాను దించుకుని, మెట్లు దాటి బయటికొచ్చాక బుక్ చేయడం మేలు.

పొగతోటలో ఆసుపత్రి నుంచి బయల్దేరేటప్పుడు మరీ జాగ్రత్త. ఒకే వీధిలో వరసగా ఆసుపత్రులు, మందుల షాపులు, ల్యాబులు. అక్కడ ఆసుపత్రి పేరు ఒక్కటే ఇస్తే సరిపోదు. డ్రైవరుకు పంపే సందేశంలో పక్కన కనిపించే బోర్డు పేరు కూడా రాయండి: "ఫలానా మందుల షాపు పక్కన, వీల్‌చైర్ ఉంది, కాస్త గేటు దగ్గరికి రండి." వీల్‌చైర్ మాట ముందే చెబితే చాలామంది డ్రైవర్లు డిక్కీ ఖాళీ చేసుకుని మరీ వస్తారు. ఇది నేను చాలాసార్లు చూశాను.

మొహర్రం నెలలో రొట్టెల పండుగ రోజుల్లో స్వర్ణాల చెరువు, దర్గామిట్ట చుట్టుపక్కల రోడ్లు మళ్లిస్తారు. మ్యాప్‌లో ఆ సంగతి కనిపించకపోవచ్చు. ఆ రోజుల్లో దర్గాకు వచ్చేవాళ్లు రద్దీకి కాస్త దూరంగా దిగి నడవాలనుకునే బుక్ చేయండి.

ధర చదవడం

ఊళ్లో ప్రయాణమైతే యాప్ చూపించే మొత్తం దాదాపు అదే ఉంటుంది. పక్కన ఉన్న చిన్న "ఐ" గుర్తు నొక్కితే కనీస చార్జీ, కిలోమీటరు చార్జీ, నిమిషం చార్జీ విడివిడిగా కనిపిస్తాయి. రద్దీ వేళ ధర పెరుగుతుంది. కేంద్రం 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇలా పెంచే ధర మూల చార్జీకి రెండింతలు మించకూడదని ఉంది. ఒప్పుకున్న ప్రయాణాన్ని సరైన కారణం లేకుండా రద్దు చేస్తే చార్జీలో పది శాతం, అదీ వంద రూపాయలకు మించకుండా జరిమానా అని ఉంది. అది ప్రయాణికుడికీ డ్రైవరుకూ సమానమే. వాటిని అమలు చేయడం రాష్ట్రాల చేతిలో ఉంటుంది. రాత్రి తొమ్మిదికి ధర ఎక్కువగా కనిపిస్తే పది నిమిషాలు ఆగి మళ్లీ చూడండి, చాలాసార్లు దిగుతుంది.

బయటి ఊళ్ల ప్రయాణాల్లోనే జేబుకు చిల్లు పడేది. ఇక్కడ కాగితం కలం తీసుకుని కూర్చోండి.

తిరుపతికి వెళ్లి అదే రోజు తిరిగొస్తే రానూపోనూ కలిపి సుమారు 270 కిలోమీటర్లు. రౌండ్ ట్రిప్ బుక్ చేస్తే రోజుకు కనీసం 250 లేదా 300 కిలోమీటర్లు అని లెక్కవేస్తారు. 250 అయితే అది మన దూరానికి దాదాపు సరిపోతుంది, నష్టం లేదు. అదే చెన్నైలో ఆసుపత్రి పనికి వెళ్లి ఒక రాత్రి అక్కడే ఉండి మర్నాడు రావాలనుకోండి. తిరిగేది 350 కిలోమీటర్లే. రెండు రోజులకు కనీసం 500 కిలోమీటర్లకు డబ్బు కడతాం. కిలోమీటరుకు 13 రూపాయలు అనుకుంటే 6,500. డ్రైవర్ బత్తా రోజుకు 400 చొప్పున 800. టోల్, పార్కింగ్, పర్మిట్ వేరే. అదే వెళ్లేటప్పుడు ఒక వన్‌వే, వచ్చేటప్పుడు ఇంకో వన్‌వే బుక్ చేస్తే చాలాసార్లు ఇంతకంటే తక్కువలో అయిపోతుంది. రెండూ విడివిడిగా ధర చూసి పోల్చండి. ఆసుపత్రిలో ఎప్పుడు వదులుతారో తెలియని రోజు ఎలాగూ వన్‌వేనే నయం. కారు బయట ఆగి ఉందన్న ఆందోళన ఉండదు.

బుకింగ్ ఖాయం చేసే ముందు యాప్‌లో "చార్జీలో కలిసినవి", "కలవనివి" అని రెండు జాబితాలు ఉంటాయి. రెండోది చదవండి. టోల్ కలిసిందా? డ్రైవర్ బత్తా? రాత్రి చార్జీ ఎన్ని గంటల నుంచి? పక్క రాష్ట్రం పర్మిట్ పన్ను ఎవరిది? కిలోమీటర్ల లెక్క మీ గుమ్మం నుంచి మొదలవుతుందా, బండి షెడ్డు నుంచా? ఈ ఐదింటికీ జవాబు కనిపించిన తెరను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

టోల్ గురించి ఒక మాట. చెన్నై వైపు వెళ్తే వెంకటాచలం, బూదనం, సూళ్లూరుపేట దగ్గర, ఒంగోలు వైపు వెళ్తే కావలి దాటాక, ఆపై టంగుటూరు దగ్గర ప్లాజాలు వస్తాయి. ఇరవై నాలుగు గంటల్లోపు అదే ప్లాజా గుండా తిరిగొస్తే రెండు వైపులకూ కలిపి ఒకటిన్నర రెట్లు మాత్రమే టోల్ పడుతుంది. ఫాస్టాగ్‌లో అది దానంతటదే తగ్గుతుంది. బిల్లులో ఒక్కో ప్లాజాకు పూర్తి టోల్‌ను రెండుసార్లు వేసి అడిగితే ఫాస్టాగ్ మెసేజీలు చూపించమని అడగండి. మర్యాదగా అడిగితే చూపిస్తారు.

బండి వచ్చాక, కదలకముందు

ఈ రెండు నిమిషాల కోసమే ఇదంతా రాస్తున్నాను.

మొదట ప్లేటు మీద నంబరును యాప్‌లో ఉన్న నంబరుతో పోల్చండి. చివరి నాలుగు అంకెలు చాలవు, మొత్తం చూడండి. తర్వాత డ్రైవరు ముఖం, యాప్‌లో ఫొటో. "బండి రిపేరులో ఉంది, మా తమ్ముడి బండి తెచ్చాను" అంటే ఎక్కకండి. బండి మారితే యాప్‌లో నమోదైన పర్మిట్, బీమా ఏవీ ఈ బండివి కావు. యాప్‌లోనే "వేరే బండి వచ్చింది" అన్న కారణం ఎంచుకుని రద్దు చేయండి. మీ తప్పు లేదు కాబట్టి జరిమానా వేసినా తిరిగి అడగవచ్చు. దూర ప్రయాణమైతే అక్కడే నిలబడి ఎం పరివాహన్‌లో నంబరు కొట్టి చూడండి. అర నిమిషం పని.

కూర్చున్నాక ప్రయాణం మొదలుపెట్టే నాలుగంకెల కోడ్ చెప్పండి. ఫోనులోనే చెప్పమంటే చెప్పవద్దు. కోడ్ ఇస్తే ప్రయాణం మొదలైనట్టే, మీరు బండిలో ఉన్నా లేకపోయినా. ఆ కోడ్ వేరు, బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ వేరు. మా నాన్న మొదటిసారి రెండింటికీ తేడా తెలియక రెండూ చెప్పబోయాడు. బ్యాంకు పేరుతో వచ్చిన అంకెలు డ్రైవరుకు గానీ, ఫోను చేసినవాళ్లకు గానీ, ఎవ్వరికీ చెప్పకూడదు.

వెనక సీట్లోనూ బెల్టు పెట్టుకోవాలి. చట్టం ప్రకారం పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా. అంతకంటే ముఖ్యంగా, జాతీయ రహదారి మీద రాత్రిపూట ఆగి ఉన్న లారీలను తలచుకుంటే ఆ బెల్టు విలువ తెలుస్తుంది. కొన్ని ట్యాక్సీల్లో బెల్టు బకిల్ సీటు కవరు కింద దాగి ఉంటుంది. బయటికి తీయించుకునే కూర్చోండి.

తర్వాత యాప్‌లో "ట్రిప్ షేర్" నొక్కి ఇంట్లో ఒకరికి పంపండి. కారు ఎక్కడుందో వాళ్ల ఫోనులో కదులుతూ కనిపిస్తుంది. ఆడపిల్లలు ఒంటరిగా వెళ్లేటప్పుడు రాష్ట్ర పోలీసుల శక్తి యాప్ కూడా ఫోనులో ఉండాలి. అది 2025 మార్చి నుంచి అందుబాటులో ఉంది. ఏ ఆపదలోనైనా 112కు ఫోను చేయవచ్చు.

"రద్దు చేయండి సార్, అదే రేటుకు తీసుకెళ్తాను"

ఈ మాట మీరు వింటారు. డ్రైవరు కూర్చోబెట్టి, యాప్ కమీషను గురించి, బండి కంతుల గురించి చెబుతాడు. అతని కష్టం నిజమే. బండి లోను, డీజిలు, యాప్ కోత పోగా మిగిలేది తక్కువ. జాలి కలుగుతుంది, కలగాలి కూడా. అయినా రద్దు చేయకండి. ఆ బటన్ నొక్కిన క్షణం నుంచి ఆ ప్రయాణం ఎక్కడా లేనట్టే. ట్రిప్ షేర్ ఆగిపోతుంది. యాప్ ఇచ్చే ప్రయాణ బీమా ఏదైనా ఉంటే అదీ పోతుంది. సామాను మరిచిపోతే అడగడానికి చిరునామా ఉండదు. దిగేచోట ఎక్కువ అడిగితే చూపించడానికి ధర ఉండదు. పైగా రద్దు చేసింది మీరే కాబట్టి జరిమానా కూడా మీదే.

నేనైతే ఇలా చెబుతాను: "అన్నా, అమ్మ పేరు మీద బుక్ చేశాను, ఇంట్లోవాళ్లు మ్యాప్‌లో చూస్తుంటారు, రద్దు చేయలేను. దిగాక టీకి ఏదైనా ఇస్తాను." ఇచ్చిన మాట ప్రకారం దిగాక ఇస్తాను కూడా. చాలామంది నవ్వి బండి తీస్తారు. ఒప్పుకోకపోతే, అతన్నే రద్దు చేయమనండి.

డబ్బు కట్టడం

గమ్యం చేరాక డ్రైవరు తన ఫోనులో ప్రయాణం ముగిస్తాడు. అప్పుడు మీ యాప్‌లో తుది మొత్తం వస్తుంది. మీరు కట్టాల్సింది మీ తెర మీద కనిపించేదే, డ్రైవరు నోటితో చెప్పేది కాదు. తేడా ఉంటే రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

యూపీఐని యాప్‌తో కలిపి ఉంటే అందులోనే కట్టేయవచ్చు. కొన్ని యాప్‌లలో డబ్బు నేరుగా డ్రైవరుకే ఇవ్వాలి. అప్పుడు అతని క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాక, పిన్ కొట్టే ముందు తెర మీద వచ్చే పేరును బయటికి చదవండి. "ఈ పేరేనా అన్నా?" అని అడగండి. మొత్తాన్ని కూడా పైకి చదవండి. 480 కట్టబోయి 4,800 కట్టిన పెద్దాయన మా వీధిలోనే ఉన్నారు. డ్రైవరు మంచివాడు కాబట్టి అక్కడికక్కడే తిరిగి పంపాడు.

యూపీఐ పిన్ డబ్బు పంపడానికి మాత్రమే. డబ్బు తీసుకోవడానికి పిన్ కొట్టక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చేయక్కర్లేదు. "మీకు రీఫండ్ వస్తుంది, పిన్ కొట్టండి" అన్నవాడు దొంగే.

ఒక్కోసారి డబ్బు మీ ఖాతాలో కోత పడుతుంది, డ్రైవరుకు చేరదు, యాప్ "పెండింగ్" అంటుంది. కంగారుపడి వెంటనే రెండోసారి కొట్టకండి. రెండు మూడు నిమిషాలు ఆగి యూపీఐ యాప్‌లో లావాదేవీ చరిత్ర చూడండి. అప్పటికీ తేలకపోతే డ్రైవరుకు నగదు ఇచ్చి, యూపీఐ లావాదేవీ సంఖ్యను స్క్రీన్‌షాట్ తీసుకోండి. రిజర్వు బ్యాంకు 2019లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం వ్యక్తికి పంపిన యూపీఐ డబ్బు చేరకపోతే మర్నాటికల్లా, వ్యాపారికి కట్టింది ఖరారు కాకపోతే ఐదు రోజుల్లోగా దానంతటదే తిరిగి రావాలి. ఆ గడువు దాటితే రోజుకు వంద రూపాయల చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలి. ఈ సంగతి తెలియక వదిలేసుకునేవాళ్లే ఎక్కువ. అడగండి, అది మీ హక్కు.

సాయం కోసం గూగుల్‌లో యాప్ పేరు, కస్టమర్ కేర్ అని కొట్టి దొరికిన నంబరుకు ఫోను చేయడం ప్రమాదకరం. మోసగాళ్లు అక్కడ తమ నంబర్లు పెట్టి కూర్చుంటారు. యాప్‌లోనే "సహాయం" అన్న చోట ఫలానా ప్రయాణాన్ని ఎంచుకుని ఫిర్యాదు రాయండి. అక్కడ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. మోసపోయి డబ్బు పోయిందంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును అంత త్వరగా ఆపగలుగుతారు.

అమ్మానాన్నల కోసం దూరం నుంచి బుక్ చేసేవాళ్లకు

మన జిల్లాల పిల్లలు హైదరాబాదులో, బెంగళూరులో, ఇంకా దూరాన ఉంటారు. పెద్దవాళ్లు ఇక్కడ. యాప్‌లో "వేరేవారి కోసం" అన్న ఎంపికలో అమ్మ ఫోను నంబరు ఇవ్వండి. బండి నంబరు, కోడ్ ఆమె ఫోనుకు మెసేజీగా వస్తాయి. అది చదవలేకపోతే మీరే ఫోను చేసి చెప్పండి, కాగితం మీద రాసుకోమనండి. మా అమ్మ క్యాలెండరు వెనక స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసుకుంటుంది: బండి నంబరు, కింద నాలుగంకెలు. గేటు దగ్గర నిలబడి ఆ కాగితం పట్టుకుని ఒక్కో అక్షరం పోల్చుకుంటుంది. డ్రైవరు ఎంత తొందరపెట్టినా అది పూర్తయ్యేదాకా తలుపు తీయదు. డబ్బు మాత్రం మీ ఫోను నుంచే కట్టేయండి, ఆమెను ఎవరూ ఏమీ అడగకుండా.

వింజమూరు, ఉదయగిరి, సీతారామపురం వైపు, కనిగిరి, పామూరు వైపు పల్లెల్లో యాప్ తెరిస్తే ఒక్క బండి కూడా కనిపించకపోవచ్చు. అక్కడ ట్యాక్సీ స్టాండులో మాట్లాడుకునే బండే దిక్కు. అయినా పద్ధతి అదే. పసుపు ప్లేటు చూడండి, ఎం పరివాహన్‌లో నంబరు కొట్టండి. ధర, కిలోమీటర్లు, బత్తా, టోల్ ఎవరిదన్నది వాట్సాప్‌లో డ్రైవరుకు రాసి పంపి, "సరే" అని జవాబు తెప్పించుకోండి. ప్లేటు ఫొటో ఇంటికి పంపండి. సగం డబ్బు ముందు, సగం దిగాక, రెండూ యూపీఐలో ఇవ్వండి. యాప్ ఇచ్చే రికార్డును అలా మీరే తయారు చేసుకుంటారు. పెంచలకోన మొక్కుకు మామయ్యవాళ్లు ఇలాగే వెళ్లొచ్చారు. తిరుగు దారిలో అత్తయ్య మందుల సంచి సీటు కింద ఉండిపోయింది. వాట్సాప్‌లో ఉన్న ఆ నంబరుకు ఫోను చేస్తే, మర్నాడు ఉదయం పాల ప్యాకెట్ల వేళకు డ్రైవరే వచ్చి గేటుకు తగిలించి వెళ్లాడు.